కారుకూ ఓ సనద్

మన ఇళ్లలో హర్రాజు మంచి లఫ్జు కాదు. బ్యాంకులో గిర్వీ పెట్టిన గొలుసుకు గడువు దాటితే హర్రాజు. అప్పు తీరని ఇంటికి నోటీసు అంటిస్తే హర్రాజు. నేను పేపర్లో చేరిన కొత్తలో బంగారం హర్రాజు ప్రకటనల ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఖాతా నంబరు, పేరు, గ్రాములు. ఆ వరసలో మన పేర్లు కనబడినప్పుడల్లా ఏ ఆపా గాజులో, ఏ ఖాలా కమ్మలో అనుకునేవాణ్ణి. అరబ్బీ నుంచి ఉర్దూలోకి, ఉర్దూ నుంచి తెలుగులోకి నడిచొచ్చిన మాట ఇది. దాని వెనక ఎప్పుడూ ఇజ్జత్ పోయిన ఇల్లు ఒకటి నిలబడి ఉండేది.

అందుకే ఇంగ్లండులో మొదటిసారి పాత కార్ల హర్రాజు చూసినప్పుడు నాకు అజీబుగా అనిపించింది. జనం పెళ్లాం పిల్లల్ని వెంటేసుకుని, కాగితం గ్లాసుల్లో చాయ్ తాగుతూ, ఉరుసుకు వచ్చినట్టు వచ్చారు. యాభై ఏళ్ల నాటి కార్ల బానెట్లు ఎత్తి చూస్తున్నారు. మోకాళ్ల మీద వంగి, టార్చిలైటు వేసి, అడుగు భాగం వెతుకుతున్నారు. ఎవరి పరువూ పోవడం లేదు. మేము కూడా ఆ రోజు కొనే నియ్యత్‌తోనే వెళ్లాం.

మేము అంటే నేనూ, మా ఫుప్పూ పెద్దకొడుకూ. ఆయన్ని నేను భాయిజాన్ అంటాను. కవెంట్రీలో ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. చేతికొచ్చిన డబ్బులో 18 వేల పౌండ్లు పక్కన పెట్టాడు. అప్పటి మన లెక్కలో దాదాపు 19 లక్షలు. భాభీ ఆ మాట విని రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మాత్రం, "లోహే కే వాస్తే ఇత్తే పైసే? ఠీక్ హై, మగర్ ఏక్ పౌండ్ భీ ఊపర్ నక్కో" అంది. అట్లా 18 వేలు ఆ ఇంట్లో హద్దు అయింది.

ఆ పైసలు ఆయన కొనాలనుకున్న కారు పేరు ట్రయంఫ్ టీఆర్6. ఎందుకు అదే అంటే ఫుప్పా గురించి చెప్పాలి. ఫుప్పా 1960ల చివర్లో కర్నూలు వదిలి ఇంగ్లండు పోయారు. కవెంట్రీలో కాన్లీ అనే చోట ట్రయంఫ్ కార్ల కార్ఖానా ఉండేది. అక్కడ ట్రిమ్ లైన్లో, అంటే సీట్లూ తలుపుల లోపలి అట్టలూ బిగించే వరసలో, ఆయనకు పని దొరికింది. మా ఖాందాన్‌లో అందరూ సూదీ దారం పట్టినవాళ్లే కాబట్టి ఆ పని ఆయన చేతికి తొందరగానే వచ్చింది. రోజూ రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లు ఆయన ముందు నుంచి పోయేవి. ఆయన మాత్రం జిందగీ మొత్తం డ్యూటీకి సైకిలు మీదే పోయారు. 1980లో కాన్లీలో కార్ల బిగింపు ఆపేశారు. ఫుప్పా నౌకరీ దాంతోపాటే పోయింది.

ట్రయంఫ్ మనకు పరాయిది కూడా కాదు. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి తయారు చేసిన స్టాండర్డ్ హెరాల్డ్ కారు నిజానికి ట్రయంఫ్ హెరాల్డే. మా చిన్నప్పటికి డాక్టర్ల ఇళ్ల ముందు ఇంకా అక్కడక్కడా కనిపించేవి. బానెట్టూ రెండు మడ్‌గార్డులూ కలిసి ఒకే ముక్కగా ముందుకు ఒరిగేవి. కర్నూల్లో మా మామూకు టింకరింగ్ షెడ్డు ఉండేది. సెలవుల్లో నేను అక్కడే పానాలు అందిస్తూ తిరిగేవాణ్ణి. ఆ హెరాల్డ్ బానెట్టు ఎత్తినప్పుడల్లా మామూ, "యే దేఖ్, పూరా ముహ్ ఖోల్తీ" అనేవాడు.

మామూ షెడ్డులో నేర్చుకున్నది ఆ ఇంగ్లండు హాల్లో పనికొస్తుందని నేను అనుకోలేదు. రంగు చూసేవాడు గిరాకీ, సందు చూసేవాడు ఉస్తాద్ అనేవాడు మామూ. తలుపుకీ బాడీకీ మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పు ఉందా అని చూడాలి. పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటే అడుగున చాసీ వంగిందని అర్థం, లేకపోతే ఎవరో తుప్పు కోసేసి తప్పుగా అతికారని అర్థం. వేలి కణుపుతో రేకును తట్టాలి. టంగుమంటే రేకు. ధబ్‌మంటే లోపల లప్పం. అనుమానం తీరకపోతే చిన్న అయస్కాంతాన్ని పల్చని గుడ్డలో చుట్టి ఆనించాలి. లప్పం మందంగా ఉన్నచోట అది అంటుకోదు.

ఆ రోజు హాల్లో రెండు టీఆర్6లు ఉన్నాయి. ఒకటి ఎర్రది, అద్దంలా మెరుస్తోంది. రెండోది నేరేడు పండు రంగుది. ఆ రంగుకు కంపెనీ పెట్టిన పేరు డామ్సన్. అదీ అక్కడ దొరికే ఒక నల్లని పండు పేరేనట. ఈ కారు రంగు అక్కడక్కడా వెలిసింది. సీట్ల కుట్లు ఒకచోట వదులయ్యాయి. క్యాటలాగులో ఎర్రదానికి 18 వేల నుంచి 22 వేల పౌండ్లు అంచనా వేశారు, నేరేడుదానికి 16 వేల నుంచి 19 వేలు. పక్కపక్కన నిలబెడితే చిన్నపిల్లవాడైనా ఎర్రదాన్నే చూపిస్తాడు. మరి తేడా రెండు మూడు వేలే ఎందుకుంది?

జవాబు ఆ కార్ల నంబర్లలో ఉంది. టీఆర్6 తయారీ 1968 చివర్లో మొదలై 1976లో ఆగింది. రెండున్నర లీటర్ల ఇంజను, ఆరు సిలిండర్లు, గుడ్డ టాపు. మొత్తం 90 వేలకు పైగా చేస్తే చాలా ఎక్కువ భాగం బైటి దేశాలకే పోయాయి, అందులో ఎక్కువ అమెరికాకు. ఇంగ్లండులో అమ్ముడైనవి ఎనిమిది వేల చిల్లర. ఇంగ్లండు కార్లకు పెట్రోలు ఇంజెక్షన్ ఉండేది. అమెరికా కార్లకు అక్కడి పొగ చట్టాల వల్ల మామూలు కార్బురేటర్లు పెట్టారు, జోరు తక్కువ. కారు నంబరు మొదట్లో సీపీ అని ఉంటే తొలి రకం ఇంజెక్షన్ కారు. కంపెనీ లెక్కలో 150 గుర్రాల బలం. సీఆర్ అంటే 1972 తర్వాత వచ్చిన కొంచెం నెమ్మది రకం. సీసీ, సీఎఫ్ అంటే అమెరికాకు పోయినవి.

మన ఎర్రది సీఎఫ్. అంటే అమెరికాలో పుట్టిల్లు చూసుకుని తిరిగొచ్చిన కారు. ఎడమవైపున్న స్టీరింగును ఎవరో కుడికి మార్చారు. ఇందులో ఐబ్ ఏమీ లేదు. కాలిఫోర్నియా, ఆరిజోనా ఎండల్లో తిరిగిన కార్లకు తుప్పు తక్కువ. ఇంగ్లండులో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు చాసీని తినేస్తుంది. టీఆర్6కి వెనక డిఫరెన్షియల్‌ను పట్టుకునే బిగింపులు పగులుతాయి, సిల్లులు కుళ్లుతాయి. కాబట్టి అమెరికా నుంచి వచ్చిందని చెప్పి అమ్మితే అది సాఫ్ సౌదా. ఆ మాట క్యాటలాగులో నాలుగో పేరాలో, ఒక్క అర వాక్యంలో దాక్కుని ఉంది. నేరేడుది సీపీ, 1971.

క్యాటలాగు చదవడం నాకు బాగా వచ్చిన పని. ఇరవై ఏళ్లుగా సర్కారు ప్రెస్‌నోట్లు చదువుతున్నాను. అందులో ఏం చెప్పారన్నది తర్వాత. ఏం చెప్పలేదో ముందు చూడాలి. ఇంజను ఈ కారుకు మొదట్నించీ ఉన్నదేనని 'నమ్ముతున్నాం' అని రాస్తే సబూతు లేదని అర్థం. 'పాత రిస్టోరేషన్' అంటే ఎప్పుడో రంగు వేశారు, ఇప్పుడు అది లేస్తోంది అని. 'కొద్దిగా శ్రద్ధ పెడితే మేలు' అంటే బండి నడవదు అని. ఎర్రదాని గురించి 'కంటికి ఇంపైన' అన్న మాట రెండుసార్లు వాడారు. ఇంజను నంబరు గురించి ఒక్క మాటా లేదు.

తర్వాత ఫైళ్లు అడిగాం. ఇలాంటి ప్రతి కారుతో ఒక ఫైలు వస్తుంది. ఎర్రదాని ఫైల్లో నాలుగు కాగితాలు. రంగు వేసిన బిల్లు, ఇంపోర్టు కాగితం, రిజిస్ట్రేషను, కొత్త టైర్ల రసీదు. రేకు కోసినప్పుడు, చాసీ విప్పినప్పుడు తీసిన ఫోటోలు లేవు. అంత ఖర్చుపెట్టి పని చేయించినవాడు ఒక్క ఫోటో తీయకుండా ఉంటాడా? నేరేడుదాని ఫైలు మాత్రం మా అబ్బా పాత ఖుర్ఆన్ గిలాఫ్ అంత లావుగా ఉంది. మొదటి ఓనరు 1971లో కొన్న అసలు బిల్లు. ఏటేటా సర్వీసు చేసిన గ్యారేజీల స్టాంపులు. కార్ల ఫిట్‌నెస్ పరీక్ష పత్రాలు, ప్రతిదాని మీదా మైళ్లు. 1990ల్లో చాసీకి వెల్డింగ్ చేసినప్పటి ఫోటోలు, అందులో తుప్పు తిన్న బొక్కలు దాచకుండా కనిపిస్తున్నాయి. ఇద్దరే ఓనర్లు. గేడన్ ఊళ్లో బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఉంది. కార్ఖానా రిజిస్టర్లు చూసి ఏ కారు ఏ రోజు తయారైందో, ఏ రంగులో, ఏ ఇంజను నంబరుతో పోయిందో వాళ్లు సర్టిఫికెట్ ఇస్తారు. అదీ ఉంది. ఇంజను మీద చెక్కిన నంబరుతో భాయిజాన్ పోల్చి చూశాడు. కలిసింది.

అప్పుడు నాకు బడి గుర్తుకొచ్చింది. ఉర్దూ మీడియంలో మా దీనియాత్ ఉస్తాద్ సనద్ అంటే ఏంటో ఇలా చెప్పేవారు. ఒక మాట మన దాకా వచ్చిందంటే ఎవరు ఎవరి దగ్గర విన్నారో కడియాలు వరసగా ఉండాలి. మధ్యలో ఒక్క కడియం తెగినా ఆ మాట బలహీనం. చెప్పినవాడు ఎంత అందంగా చెప్పాడన్నది కాదు, ఎవరి దగ్గర విన్నాడన్నది ముఖ్యం. కార్ల హర్రాజులో కీమత్ కట్టేది కూడా సరిగ్గా ఇలాగే. ఇనుము విలువ కొంత. మిగతాదంతా సనద్.

దీని మీద లండన్ కోర్టులో ఒక పెద్ద ముఖద్దమా నడిచింది. 1929లోనూ 1930లోనూ ఫ్రాన్సులోని లె మాన్ రేసు గెలిచిన బెంట్లీ స్పీడ్ సిక్స్ కారు ఒకటుంది. దాన్ని 'ఓల్డ్ నంబర్ వన్' అంటారు. దాని అమ్మకం కోటి పౌండ్లకు కుదిరింది. తర్వాత కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. రేసు గెలిచిన రోజున్న భాగాలు ఇందులో దాదాపు ఏవీ మిగల్లేదు, ఇది ఆ కారే కాదు అన్నారు. నిజమే, ఆ తర్వాత రేసుల కోసం చాసీ, ఇంజను, బాడీ మార్చుతూ పోయారు. 1990లో జడ్జి ఒట్టన్ తీర్పు ఇచ్చాడు. కారు ఎప్పుడూ ఆగిపోలేదు, చనిపోయి మళ్లీ పుట్టలేదు, ఒక చేతి నుంచి ఇంకో చేతికి దాని నడక తెగలేదు, కాబట్టి ఆ పేరు దానిదే అని దాని అర్థం. భాగాలు మారినా సిల్సిలా తెగకపోతే ఖాందాన్ అదే అన్నమాట.

పెద్ద కార్ల రేట్లు చూస్తే ఈ సంగతి ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. 1956లో లె మాన్ గెలిచిన జాగ్వార్ డీ-టైప్ 2016లో అమెరికాలోని మాంటెరే హర్రాజులో 2 కోట్ల 17 లక్షల డాలర్లు దాటింది. మరుసటి ఏడు అదే ఊళ్లో ఆస్టన్ మార్టిన్ డీబీఆర్1, స్టిర్లింగ్ మాస్ 1959లో జర్మనీలో గెలిచిన కారు, 2 కోట్ల 25 లక్షల డాలర్లు పలికింది. అలాంటి బాడీ, అలాంటి ఇంజను కొత్తగా చేయించుకోవడం అసాధ్యమేమీ కాదు. చేసేవాళ్లు ఉన్నారు. అది మాత్రం ఆ ధరలో చిన్న ముక్క కూడా పలకదు. మధ్యతరగతి కార్లకీ ఇదే కాయిదా. 1961లో జెనీవాలో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్‌లో మొదటి కొన్ని వందల కార్లకు బానెట్ తాళాలు బైట ఉండేవి, అడుగు రేకు చదునుగా ఉండేది. పొడుగు మనిషికి కాళ్లు పట్టవు. తర్వాత కంపెనీ సరిచేసింది. ఇవాళ ఆ కాళ్లు పట్టని కార్లకే ఎక్కువ ధర. ఎంజీబీ కార్లకు 1974 తర్వాత నల్ల రబ్బరు బంపర్లు వచ్చాయి. వాటికంటే ముందటి క్రోమ్ బంపర్లవి ఎక్కువ పలుకుతాయి. ఏది వాడుకకు హాయి అన్నది ఇక్కడ హిసాబులోకే రాదు.

ఇక మన హాల్లోకి వద్దాం. హర్రాజులో కారు నడిపి చూడనివ్వరు. స్టార్ట్ చేయమని అడగొచ్చు, అంతే. అందుకే ముందు బానెట్టు మీద చెయ్యి పెట్టాలి. వెచ్చగా ఉంటే పొద్దున్నే ఎవరో స్టార్ట్ చేసి పెట్టారని తెలుస్తుంది. చల్లటి ఇంజను లేవడానికి మొరాయిస్తుందేమో మనకు తెలియకూడదని కావచ్చు. నేరేడుది చల్లగా ఉంది. లేవడానికి కాస్త సతాయించింది, తెల్ల పొగ కొంచెం వదిలింది, తర్వాత నిలకడగా కూచుంది. డిక్కీలో ఉన్న పెట్రోలు పంపు గిర్రున కేక వేసింది. ఈ లూకస్ పంపులు వేడెక్కి ఆగిపోతాయని మశ్‌హూర్. చాలామంది ఇంజెక్షనే పీకేసి కార్బురేటర్లు పెట్టించుకున్నారు. ఇది మాత్రం అలాగే ఉంది.

పైసల హిసాబ్ రాత్రే చేసుకున్నాం. సుత్తి పడిన ధర ఒక్కటే కాదు, దాని మీద కొన్నవాళ్ల నుంచి హర్రాజు వాళ్లు కమీషన్ తీసుకుంటారు. ఇక్కడ పన్నెండున్నర శాతం. ఆ కమీషన్ మీద 20 శాతం వ్యాటు. అంటే వంద పౌండ్లకు కొంటే 115 కట్టాలి. భాయిజాన్ 18 వేల హద్దును 1.15తో భాగించి 15,650 అని చీటీ మీద రాసి జేబులో పెట్టుకున్నాడు. హర్రాజులో అన్నిటికంటే ఖీమతీ వస్తువు ఆ చీటీ. హాల్లో గుండె వేగం పెరిగాక లెక్క చేస్తే ఎవరి లెక్కా కలవదు.

ఎర్రది ముందు వచ్చింది. టెలిఫోన్లో ఎవరో ఎగబడ్డారు. 19 వేలకు సుత్తి పడింది. కమీషనూ వ్యాటూ కలిపితే 21,850. తర్వాత నేరేడుది. పది వేల నుంచి బోలీ మొదలైంది, ఐదు వందల చొప్పున ఎక్కింది. భాయిజాన్ పన్నెండు దాకా చెయ్యి ఎత్తలేదు. ముందు వరసలో ఒక తెల్లాయన 13,500 దగ్గర తల అడ్డంగా ఊపి ఆగిపోయాడు. భాయిజాన్ 14 వేలన్నాడు. హర్రాజుదారు హాలు వెనక్కి చూసి, "14,500 వచ్చింది" అన్నాడు. నేను వెనక్కి తిరిగాను. అక్కడ గోడా, గోడకు ఆనించిన నిచ్చెనా ఉన్నాయి. మనిషి లేడు. భాయిజాన్ 15 వేలన్నాడు. హర్రాజుదారు మళ్లీ గోడ వైపు ఆశగా చూశాడు. ఈసారి గోడ పలకలేదు.

దీన్ని వాళ్లు షాండ్లియర్ బోలీ అంటారు. హాల్లో మనుషులు లేనప్పుడు హర్రాజుదారు దీపాల గుత్తిని చూసి బోలీ తీసుకున్నట్టు నటించడం. అమ్మేవాడు లోపల ఒక కనీస ధర పెట్టుకుంటాడు, దాని పేరు రిజర్వు. ఆ ధర చేరేదాకా అమ్మేవాడి తరఫున బోలీ వేసే హక్కు ఉందని షరతుల్లో ముందే రాసి ఉంటే ఇంగ్లండు చట్టం ఒప్పుకుంటుంది. రాయకుండా వేస్తే ఒప్పుకోదు. 1979 నాటి సరుకుల అమ్మకం చట్టంలో ఇదంతా ఉంది. సుత్తి పడేదాకా కొనేవాడు తన బోలీ వెనక్కి తీసుకోవచ్చన్నదీ అందులోనే ఉంది. ఇటువైపు కొనే వ్యాపారులు ప్రతిఫలం ఇచ్చిపుచ్చుకుని, కూడబలుక్కుని, నువ్వు ఎత్తొద్దు నేనూ ఎత్తను అని ధర తొక్కిపెడితే అది నేరమని 1927లోనే ఇంకో చట్టం చేశారు.

మనవాళ్లు దీన్ని చాలా ముందే ఆలోచించారు. అందరి ముందూ ధర పెంచుకుంటూ అమ్మడం జాయజే. కొనే నియ్యత్ లేకుండా, ఇంకొకణ్ణి ఎక్కించడానికి బోలీ వేయడం నజష్, అది మనా. షరతుల్లో చిన్న అక్షరాల్లో రాసినంత మాత్రాన గోడ వేసిన బోలీ నజష్ కాకుండా పోతుందా అన్నది ఆలిములు తేల్చాలి. భాయిజాన్ మాత్రం తన వరకు తేల్చుకున్నాడు. "దీవార్ సే క్యా లడ్నా" అని అట్ట కింద పెట్టేశాడు. గోడతో పోటీ పడేవాడికి హద్దు ఉండదు.

15 వేలు రిజర్వును చేరలేదు. కారు అమ్ముడు కాలేదు, 'ప్రొవిజనల్' అని రాసుకున్నారు. అంటే చివరి బోలీ వేసినవాడి పేరు పట్టుకుని అమ్మేవాణ్ణి అడుగుతారు. అరగంటలో కోటు వేసుకున్న ఒక అమ్మాయి వచ్చి, 16 వేలైతే ఇప్పుడే అయిపోతుంది అంది. చీటీ మీది అంకెకు 350 తేడా. కమీషన్ కలిపితే 18,400. నాకే నోరు ఊరింది, ఆ నాలుగొందలు నేనిస్తానని అనబోయాను. భాయిజాన్ జేబులోంచి చీటీ తీసి ఆ అమ్మాయికి చూపించాడు. 15,500 దాకా వస్తాను, దాటను అన్నాడు. ఇంటికి పోయే దారిలో కారులో ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. రాత్రి భాభీ అడిగితే, "నసీబ్‌లో ఉంటే వస్తుంది" అన్నాడు. అన్నం సరిగా తినలేదు.

రెండు రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. అమ్మేవాళ్లు 15,500కి ఒప్పుకున్నారు. అన్నీ కలిపి 17,825 పౌండ్లు. మిగిలిన 175 పౌండ్లు భాయిజాన్ తీసుకెళ్లి భాభీ చేతిలో పెట్టాడు. భాభీ లెక్కపెట్టుకుంది. నవ్వింది కూడా.

ఇక్కడితో ఇది కొనుక్కున్న కథ. నాకు ఎక్కువ గుర్తున్నది తర్వాతి వారం సంగతి. భాయిజాన్ ఆ లావు ఫైలు మొత్తం బల్ల మీద పరిచాడు. మొదటి ఓనరు పేరుంది, రెండో ఓనరు పేరుంది, అమ్మిన షోరూము, వెల్డింగ్ చేసిన గ్యారేజీ, టైరు మార్చిన దుకాణం అన్నీ ఉన్నాయి. యాభై ఏళ్లలో దాన్ని ముట్టుకున్న ప్రతి ఒక్కరి గవాహీ ఉంది. దాన్ని చేసినవాళ్లది మాత్రం ఒక్కటీ లేదు. సర్టిఫికెట్‌లో తయారైన తేదీ ఉంది, ఆ రోజు లైన్లో నిలబడ్డ మనుషులు లేరు. సనద్ షోరూము బిల్లు దగ్గర మొదలైంది. మన లెక్కలో చూస్తే మొట్టమొదటి కడియమే లేదు.

మామూ షెడ్డు కూడా అంతే కదా అనిపించింది. మన ఊళ్లలో టింకరింగ్, డెంటింగ్, పెయింటింగ్, సీటు కవర్లు, రేడియేటర్ల పని, సగానికి సగం మనవాళ్ల చేతుల మీదే నడుస్తుంది. ఏ బండి అమ్మినా కాగితాల్లో ఓనరు ఉంటాడు. ఉస్తాద్ ఉండడు. మామూ ఎన్ని హెరాల్డులకు మళ్లీ ప్రాణం పోశాడో ఏ రిజిస్టర్లోనూ లేదు. ఆయన పోయాక షెడ్డు బోర్డు కూడా ఎవరో తీసేశారు. హర్రాజు కీమత్ చెప్పగలదు. మేహనత్‌కి ఖదర్ చెప్పడం దానికి రాదు.

భాయిజాన్ లోపలికి పోయి బిస్కట్ల రేకు డబ్బా ఒకటి తెచ్చాడు. అందులో ఫుప్పా కార్ఖానా గేటు పాసు, కొన్ని జీతం చీటీలు. ఒకటి 1971ది. ఆయన చిన్నకూతురు ఎగిరి గంతేసింది. "అబ్బా, దాదా ఈ కారు చేశారని రాసి పెడదాం. ఎంత బాగుంటుంది! ధర కూడా పెరుగుతుంది" అంది. భాయిజాన్ చాలాసేపు ఆ చీటీ పట్టుకుని కూర్చున్నాడు. ఆ మాట రాయాలని ఆయనకంటే ఎక్కువ ఎవరికుంటుంది? సీటు కిందికి వంగి కుట్లు వేలితో తడిమి చూశాడు కూడా, అక్కడేదో గుర్తు దొరుకుతుందన్నట్టు.

చివరికి తెల్ల కాగితం మీద ఇంగ్లీషులో రాశాడు. పక్కనే ఉర్దూలో రాయమని నాకిచ్చాడు. మా నాన్న 1971లో కాన్లీ కార్ఖానా ట్రిమ్ లైన్లో పనిచేశారు, అదే ఏడు ఈ కారు అక్కడ తయారైంది, ఈ కారును ఆయన ముట్టుకున్నారో లేదో మాకు తెలియదు. అంతే. జీతం చీటీ జిరాక్సు దానికి గుచ్చి ఫైల్లో అన్నిటికంటే పైన, షోరూము బిల్లు కంటే ముందు పెట్టాడు. కూతురు మూతి ముడుచుకుంది. "తెలియదని రాస్తే ఎవరు పైసలిస్తారు?" అంది.

"మాలూమ్ నై సో బాత్ లిఖే తో, మాలూమ్ సో బాత్ భీ ఝూట్ హో జాతీ బేటా" అన్నాడాయన.

ఆ కాగితం వల్ల ఆ కారు ధర ఒక్క పౌండు కూడా పెరగదు. ఎప్పుడో భాయిజాన్ పిల్లలో, పిల్లల పిల్లలో దాన్ని మళ్లీ హర్రాజుకు పెట్టొచ్చు. అప్పుడు క్యాటలాగు రాసేవాడు ఆ కాగితం చదివి పక్కన పెట్టేయొచ్చు. కానీ మోకాళ్ల మీద వంగి, టార్చి వేసి, ఫైలు మొదటి పేజీ నుంచి చదివేవాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు. వాడికి మాత్రం ఈ కారు షోరూములో పుట్టలేదని తెలుస్తుంది.

మీ ఇంట్లో కూడా ఇలాంటి రేకు డబ్బా ఒకటి ఉండే ఉంటుంది. తీసి చూడండి. తెలిసింది రాయండి. తెలియనిది తెలియదనే రాయండి.